ప్రోగ్రెస్ కార్డులతో కువైట్ వచ్చిన పెద్దయివారు

పెద్దయివారు పోయారని మా అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నేను మధ్యాహ్నం వంటకు బియ్యం కడుగుతున్నాను. ఆ వేళప్పుడు తను ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. అందుకే తడిచేత్తోనే ఎత్తాను.

"అమ్మా, పెద్దయివోరు పోయినారమ్మా. పొద్దున కాఫీ తాగి, మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని పేపరు చదవమన్నారంట. ఆ పాప చదువుతానే ఉండాది. కొంచేపటికి తాత ఏమీ అడగలేదే అని తలెత్తి చూసిందంట."

ఆ తర్వాత బియ్యం ఎన్నిసార్లు కడిగానో నాకు గుర్తు లేదు. ఇప్పుడు నేను పనిచేస్తున్న ఇంటి మామా, అంటే యజమానురాలు, వంటింట్లోకి వచ్చి ఏమైందని అడిగింది. మా ముదర్రిస్ చనిపోయాడని చెప్పాను. అరబ్బీలో ముదర్రిస్ అంటే అయివారే. ఆమె నా నెరిసిన తల వైపు చూసి, "నీకు ముదర్రిసా?" అంది. అవును, నాకే.

కువైట్‌లో ఉన్న మా మండలం వాళ్లంతా ఈ శుక్రవారం మిర్కాబ్‌లో ఒకరి గదిలో కలిసి ఆయన్ని తలుచుకుంటారట. నన్ను మాట్లాడమన్నారు. నలుగురిలో మాట్లాడడం నాకు రాదు. అందుకని రాసి పంపుతున్నాను. నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. ఆ కాస్తా పెళ్లయ్యాక మరిచిపోయాను. మళ్లీ రాయడం నేర్పింది ఆయనే కాబట్టి, ఇందులో తప్పులుంటే ఆయన ఏమంటారో కూడా నాకు తెలుసు. తప్పు అని ఆయన ఏనాడూ అనలేదు. "ఇంకోసారి చూడు" అనేవారు.

మీలో చిన్నవాళ్లకు ఆయన తెలియకపోవచ్చు. రాయచోటికి అవతల, బస్సు ఆఖరుగా ఆగే చోట మాది చిన్న మండలం. ఒక్క హైస్కూలు. దాని చుట్టూ పల్లెల్లో పదో పన్నెండో చిన్న బడులు. ఒక్కో బడికి ఒకే అయివారు, ఆయన కూడా బదిలీ దొరికితే వెళ్లిపోయేవారు. హైస్కూలు హెడ్మాస్టరుగా వచ్చిన ఈయన్ని ఊరంతా పెద్దయివారనే పిలిచింది. నేనూ అలాగే పిలుస్తాను.

ఆయన వచ్చినప్పుడు మా మండలానికి పదో తరగతిలో చాలా చెడ్డపేరు. ఇరాక్ వాళ్లు కువైట్ మీద పడ్డ ఆ ఏడాది వేసవిలో మా హైస్కూలు నుంచి ముప్పైమంది పరీక్ష రాస్తే పాసైంది నలుగురు. పేపర్లో మా స్కూలు పేరు అడుగున పడింది. ఊళ్లో ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఫెయిలైనవాళ్లు పాస్‌పోర్టుకు ఫోటోలు దిగారు, అంతే. మా ఊళ్లో పదో తరగతి తర్వాత మెట్టు కువైటే. కొందరికి పదో తరగతి కంటే ముందే.

అప్పటికి నేను కువైట్ వచ్చి నాలుగేళ్లు. భర్త లేడు. కూతురు మా అక్క దగ్గర ఉండి చదువుకుంటోంది, అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. తనని కూడా ఇక్కడికి తెచ్చుకోవాలని నా ఆలోచన. అప్పుడు నేను పనిచేసే ఇంటి మామాకి చెబితే, తన చెల్లెలి ఇంట్లో పిల్లల్ని ఆడించడానికి మనిషి కావాలంది. పాస్‌పోర్టులో వయసు ఎక్కువ వేయించాం. వీసా కాగితం కూడా వచ్చేసింది. తల్లీ బిడ్డా ఒకే ఊళ్లో ఉంటామన్నదే నా ఆశ. అందులో తప్పుందని నాకు తోచలేదు.

జూలైలో ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర బెల్లు మోగింది. బాషా నిలబడి ఉన్నాడు. బాషా మా ఊరివాడే, అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాపులో మెకానిక్కు. వాడి వెనక తెల్లచొక్కా, పంచె, చంకలో గుడ్డసంచి, ముఖమంతా చెమటలు. పెద్దయివారు!

కూతురికేదో అయిందనుకున్నాను.

"ఏం కాలేదమ్మా, పాప బాగుండాది," అన్నారు ఆయన, నా ముఖం చూసి ముందు ఆ మాటే. "నీతో మాట్లాడదామని వచ్చినా."

"ఈడికా సార్? ఇంత దూరమా?"

"మీరంతా ఈడ ఉంటే నేను యాడికి పోవల్ల?"

తర్వాత తెలిసింది. నెల రోజులు సెలవు పెట్టి, బాషాను పనికి పెట్టుకున్న కఫీల్ ఇచ్చిన విజిట్ వీసా మీద వచ్చారు. ఆ ఏడాది పదో తరగతి పిల్లల్లో సగంమందికి తల్లో తండ్రో కువైట్‌లో ఉన్నారు. తల్లిదండ్రుల మీటింగు పెడితే బడికి ముసలమ్మలు తప్ప ఎవరూ రావడం లేదు. అందుకని ఆ పిల్లల ప్రోగ్రెస్ కార్డులన్నీ సంచిలో వేసుకుని ఆయనే బయల్దేరారు. బాషా రోజూ పని అయ్యాక వర్క్‌షాపు పికప్‌లో ఆయన్ని ఇంటింటికీ తిప్పుతున్నాడు. ఎక్కడో అమ్ఘరా పాత ఇనుము యార్డుల్లో పనిచేసే తండ్రిని కూడా వదల్లేదట.

మామా బయటికి వచ్చి, "మినూ హాదా?" అంది, ఎవరితను అని. మా అమ్మాయి ముదర్రిస్ అని చెప్పాను. ఒక్క ఆడపిల్ల చదువు గురించి హింద్ నుంచి వచ్చాడా అని ఆమె నోరు తెరిచింది. లోపల కూర్చోబెట్టి టీ ఇమ్మంది. పెద్దయివారు కుర్చీ మీద తన చేతిరుమాలు పరిచి దాని మీద కూర్చున్నారు. ఎక్కడైనా అంతే. తన చెమట ఎదుటివాళ్ల కుర్చీకి అంటకూడదని.

సంచిలోంచి మా అమ్మాయి కార్డు తీసి నా చేతికిచ్చారు. నాకు కనబడింది ఎర్రసిరా ఒక్కటే.

"అన్నీ ఫెయిలేనా సార్?"

"ఒక్కదాంట్లోనే. ఈడ చూడు, ఇది తెలుగు. ఇది సైన్సు. సైన్సులో పాప క్లాసులో రెండోది. ఇదిగో, ఇది లెక్కలు. తొమ్మిది."

"నూటికా?"

"నూటికే."

నేను కార్డు వెనక్కిచ్చేశాను. "ఇంగేం చదువు సార్ దానికి? పోయిన తూరి నలుగురు పాసైనారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే ఈడికొచ్చి, నా మాదిరే గిన్నెలు కడుగుతాండారు. నా బిడ్డకి వీసా వచ్చింది. నా దగ్గర ఉంటాది."

ఆయన కోప్పడతారనుకున్నాను. టీ సాసర్లో పోసుకుని చిన్నగా తాగారు. బాషా నేల చూస్తున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నారు చివరికి. "కానీ ఒక్కమాట వినమ్మా. మీ పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు మీ పల్లె బడికి ఏడాది పొడుగునా అయివారు లేడు. కూడికలు, తీసివేతలు చెప్పాల్సిన ఏడాది. రికార్డులన్నీ తీసి చూసినా. ఆ బడి నుంచి వచ్చిన పిల్లోళ్లందరికీ లెక్కల్లో పది, పదకొండు, తొమ్మిది. ఆ తొమ్మిది నీ బిడ్డవి కావమ్మా. నావి. నన్ను దిద్దుకోనీ. ఒక్క ఏడాది ఇయ్యి."

నేను ఇస్తానని చెప్పలేదు. చూద్దాంలే సార్ అన్నాను. ఆయన కార్డు మడవకుండా జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆగస్టు మొదటి వారంలో ఆయన తిరుగు ప్రయాణం.

ఆ ప్రయాణం జరగలేదు. ఆగస్టు రెండో తేదీ తెల్లవారుతూనే హెలికాప్టర్ల మోత. మామా కొడుకు మేడ మీదికి పరిగెత్తి, తెల్లబోయిన ముఖంతో దిగి వచ్చాడు. ఇరాక్ సైన్యం సిటీలోకి వచ్చేసింది. ఆ తర్వాత మూడు వారాలు మేం గేటు తీయలేదు. రొట్టెల కోసం ఇంటి యజమాని బాబా ఒక్కడే వెళ్లి గంటలు గంటలు వరసలో నిలబడి వచ్చేవాడు. ఒకరోజు పొద్దున్నే వాళ్లు రెండు కార్లలో సామాను సర్దుకుని, ఎడారి దారిన సౌదీకి బయల్దేరారు. నన్ను తీసుకుపోవడానికి వీల్లేదు. మామా ఏడుస్తూ నా పాస్‌పోర్టు, దానితోపాటు మా అమ్మాయి వీసా కాగితం నా చేతిలో పెట్టింది. "మీవాళ్ల దగ్గరికి వెళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉండకు," అంది. ఆమె మంచిదే. ఈ మాట రాయకపోతే తప్పవుతుంది.

నన్ను తీసుకుపోవడానికి బాషాయే వచ్చాడు. మిర్కాబ్‌లో వాడు ఉండే పాత మేడలో అప్పటికే మనవాళ్లు చాలామంది చేరారు. కింద మగవాళ్లు, పైన రెండు గదుల్లో ఆడవాళ్లం. మెట్లెక్కుతుంటే గట్టిగా మాటలు వినబడ్డాయి. "ఓబయ్యా, 'ద'కి గుణింతం రాయి. నువ్వు రాసింది రెండు సామీ, అంకె కాదు, ద. ద దీర్ఘం దా." నేను గుమ్మంలో నిలబడిపోయాను. పెద్దయివారు చాప మీద కూర్చుని, పెద్దపెద్ద మగవాళ్లకు గుణింతాలు చెబుతున్నారు.

నన్ను చూసి, "రామ్మా, నీ పేరు కూడా వేసుకుంటా," అని పక్కనున్న కాగితం మీద రాసుకున్నారు. హాజరు పట్టీ అది. యుద్ధంలో ఇరుక్కుపోయిన మనిషి హాజరు వేస్తున్నారు!

ఇండియాకి తిరిగి పంపేవాళ్ల పేర్ల జాబితాలు మనవాళ్లు రాస్తున్నారని, అందులో తమ పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు తామే రాసుకోవాలని అందరూ ఆయన దగ్గరికి వచ్చారట. ఆయన రెండు రోజులు అందరికీ రాసిపెట్టారు. మూడోనాడు పెన్ను కింద పెట్టేసి, "ఇంగ మీరే రాసుకోండి, నేను చూపిస్తా," అన్నారట. అలా మొదలైంది.

పలకలు లేవు, బలపాలు లేవు. అల్ రాయ్ నుంచి బాషా కారు సామాన్లొచ్చిన అట్టపెట్టెలు తెచ్చి కోసిపెట్టాడు. కింద దుకాణంలో బట్టలు కుట్టే వీర్రాజు కోనసీమ మనిషి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కలు డబ్బాతో తెచ్చి ఇచ్చాడు. "కుట్టించుకునే నాథుడే లేడు కదండీ, దుకాణంలో ఉండి ఏం చేసుకుంటానండీ? వాడేయండి మేస్టారూ," అన్నాడు. వీర్రాజుకు చదువొచ్చు. అయినా రోజూ వచ్చి కూర్చునేవాడు. గోదావరి మాట మాకు నవ్వొచ్చేది, మా మాట అతనికి నవ్వొచ్చేది. రోజుకు ఒక్కసారైనా నవ్వడానికి మాకు అదొక్కటే దొరికింది ఆ రోజుల్లో.

పొద్దున రొట్టె, మధ్యాహ్నం పప్పు నీళ్లు. మూడింటికి క్లాసు. నాకు ఐదో తరగతి అక్షరాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రాయడం వచ్చినవాళ్లకు ప్రోగ్రెస్ కార్డు చదవడం నేర్పించారు. ఏది సబ్జెక్టు, ఏది మార్కు, దేనికి సంతోషపడాలి, దేని గురించి అడగాలి. మా పిల్లల కార్డులే మాకు పాఠ్యపుస్తకాలు. ఎవరి కార్డు వాళ్లే పైకి చదవాలి. ఓబయ్య తన కొడుక్కి సోషల్లో డెబ్భై వచ్చాయని చదివి, నమ్మలేక మళ్లీ చదివి, చాప మీద అలాగే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. కొడుకు మొద్దు అని పదేళ్లు అనుకున్నాడట.

ఒకరోజు క్లాసు జరుగుతుండగా సైనికులు మెట్లెక్కి వచ్చారు, ముగ్గురు. తుపాకులు మా వైపే. గదులన్నీ వెతికారు. ఒకడు గోడకు ఆనించిన అట్టముక్కలు చూశాడు. గుండ్రటి గుండ్రటి అక్షరాలు. ఏంటివి, రహస్య సంకేతాలా అని అరిచాడు. బాషాకు అరబ్బీ బాగా వచ్చు. కానీ ఆ క్షణాన వాడి నోట మాట రాలేదు. పెద్దయివారు లేచి, సంచిలోంచి ఒక ప్రోగ్రెస్ కార్డు తీసి ఆ సైనికుడి చేతిలో పెట్టారు. అప్పుడు బాషాకు గొంతొచ్చింది. ఈయన ముదర్రిస్ అనీ, ఇవి మా పిల్లల మార్కులనీ చెప్పాడు. సైనికుడు ఎర్రసిరా మీద వేలు పెట్టి ఏమిటన్నట్టు చూశాడు.

"రాసిబ్," అన్నాడు బాషా. అంటే ఫెయిలు.

ఆ సైనికుడికి ఇరవై ఏళ్లుంటాయేమో. కార్డు వంకే చూశాడు కాసేపు. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, "అనా బఅద్ రాసిబ్," అన్నాడు. నేనూ ఫెయిలే అని. మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. పోతూ పోతూ మా రేడియో పట్టుకుపోయారు. కార్డు మాత్రం వెనక్కిచ్చారు.

వాళ్లు వెళ్లాక పెద్దయివారు ఆ కార్డు తుడిచి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత బాషాతో, "ఆ పిల్లోడు ఏ సబ్జెక్టులో పోయినాడో అడిగింటే బాగుండు," అన్నారు.

ఆయన ధైర్యం గురించే రాస్తున్నాను కానీ, ఆయన కూడా ఒకనాడు కుంగిపోయారు. సెప్టెంబరు వచ్చింది. ఆ రోజు మూడైనా క్లాసుకు లేవలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇంట్లో భార్య గురించి దిగులేమో అనుకున్నాం. నేను నీళ్లు పట్టుకెళ్లి పక్కన పెట్టాను.

"రమణమ్మా," అన్నారు తల తిప్పకుండా. "ఆడ పదో తరగతికి లెక్కలు చెప్పేది నేనే. నేను వచ్చి రెండు నెలలు కావస్తాంది. అయివారు లేని బడి వల్ల బిడ్డలకి ఏమైతాదో నీకు చెప్పి పోదామని వచ్చినోడిని, ఆఖరికి నేనే అయివారు లేకుండా చేస్తి."

చదువుకున్నవాళ్లను ఓదార్చడం నాకు రాదు. వెళ్లి ఒక అట్టముక్క, సుద్ద తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చున్నాను. "సార్, ఉత్తరం ఎట్ల మొదలుపెట్టల్ల?" అని అడిగాను. కాసేపటికి ఇటు తిరిగారు.

ఆ మర్నాడు ఒక గుంపు బస్సుల్లో బయల్దేరుతోందని తెలిసింది. వాళ్లలో మా పక్క ఊరతను ఉన్నాడు. మా ఉత్తరాలు పట్టుకుపోతానన్నాడు. మేడంతా వెతికినా తెల్లకాగితం లేదు. నా దగ్గర ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఒక్కటే ఉంది. మా అమ్మాయి వీసా. దాన్ని మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. నాలుగేళ్లుగా బిడ్డ పక్కన పడుకోవాలని ఎదురు చూశాను. ఆ కాగితం అదే. తిప్పి, వెనక రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి ఉత్తరం. "నేను బాగున్నాను. పెద్దయివారు బాగున్నారు. నువ్వు ఇక్కడికి రావద్దు. బడికి పో. సార్ వచ్చేదాకా లెక్కలు మీరే చేసుకోండి. మీ అమ్మ."

రాయడం అయ్యాక ఆయనకు చూపించాను. ఆయన కాగితం తిప్పి ముందువైపు చూశారు. మళ్లీ వెనక్కి తిప్పారు. "దీర్ఘం ఒకటి పోయింది, ఇంకోసారి చూడు," అన్నారు.

మా వంతు రెండు వారాలకు వచ్చింది. బస్సుల్లో బస్రా, బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో డేరాలు, వేలమంది జనం, ఎటు చూసినా దుమ్ము. ఎవరు ఎక్కడున్నారో తెలియదు. పెద్దయివారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా డేరా ముందు నిలబడి హాజరు పిలిచేవారు. జనం వింతగా చూసేవారు. పేరు పిలిస్తే "ఉన్నా సార్" అనాలి. మొదట్లో మాకు సిగ్గేసింది.

మూడోరోజు సాయంత్రం నా పేరు పిలిస్తే జవాబు రాలేదు. నేను నీళ్ల వరసలో ఎండదెబ్బ తగిలి, ఎవరూ చూడని చోట ఒక లారీ వెనక పడిపోయి ఉన్నాను. ఆయన మిగతా పేర్లు పిలవడం ఆపేసి, బాషానీ వీర్రాజునీ తీసుకుని లారీ లారీ వెతుక్కుంటూ వచ్చారట. నాకు తెలివొచ్చేసరికి వీర్రాజు నా ముఖం మీద తడిగుడ్డ వేస్తున్నాడు, పెద్దయివారు కాగితం మీద నా పేరు పక్కన గీత పెడుతున్నారు. "ఉన్నా సార్," అన్నాను. హాజరు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఆ డేరాల్లోనే ఆయన సంచి పోయింది. కార్డులన్నీ అందులోనే. మేమంతా అయ్యో అన్నాం. ఆయన మాత్రం, "పోనీలెండి, అవి పాత మార్కులే గదా," అన్నారు.

బొంబాయి దాకా విమానం, కడప దాకా రైలు, అక్కడినుంచి బస్సు. మా అమ్మాయి బస్టాండులో నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆయన భార్య కూడా వచ్చి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆయన ఇంటికి పోయి స్నానం చేసి, అన్నం తిని, అదే మధ్యాహ్నం బడికి వెళ్లారట. పదో తరగతి గదిలో నల్లబల్ల నిండా లెక్కలున్నాయి. నా ఉత్తరం అందాక మా అమ్మాయి దాన్ని క్లాసులో చదివి వినిపించిందట. అప్పటినుంచి పిల్లలు పాత గైడు ముందు పెట్టుకుని వాళ్లే చేసుకుంటున్నారు. సగానికి సగం తప్పులు. పెద్దయివారు ఒక్కటీ చెరపలేదు. సుద్దముక్క అందుకుని, "రండి, ఇంకోసారి చూద్దాం," అన్నారు.

సెలవు దాటి ఎందుకు ఉన్నారో చెప్పమని పై ఆఫీసు నుంచి ఆయనకు కాగితం వచ్చింది. ఆయన రాసిన జవాబు మా బడిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "యుద్ధము కారణముగా. అయినను తరగతులు జరిగినవి."

ఆ ఏడాది మా ఊళ్లకు వెనక్కి వచ్చిన తల్లిదండ్రులం చాలామందిమి. పని లేదు, ఏం చేయాలో తెలియదు. ఆయన అందర్నీ బడికి పిలిచి, సాయంత్రం దీపాలు పెట్టేవేళ ఒక గంట బిడ్డ పక్కన కూర్చోమన్నారు. "మీకు లెక్కలు రావల్సిన పని లేదు. ఏం చేస్తాండావు, నాకు చెప్పు అని అడగండి. చెప్తా చెప్తా వాళ్లకే వస్తాది." నేను కూర్చున్నాను. మా అమ్మాయి నాకు భిన్నాలు చెప్పింది. నాకు అర్థం కాలేదని అంటే, విసుక్కుని మళ్లీ చెప్పింది. బాషా ఇంగ్లీషులో మూడుసార్లు తప్పినవాడు, ఆయన పోరు పడలేక వాడూ ఆ ఏడు పరీక్షకు కట్టాడు.

ఫలితాలొచ్చాయి. క్లాసులో సగానికి పైగా పాసయ్యారు. బాషా పాసయ్యాడు, మా ఊరంతా మిఠాయి పంచాడు. మా అమ్మాయి లెక్కల్లో మూడు మార్కులు తక్కువై తప్పింది.

నేను తలుపేసుకుని కూర్చున్నాను. ఆయన మా ఇంటికి వచ్చి, అరుగు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు. నవ్వుతున్నారు! "తొమ్మిది నుంచి ముప్పైరెండు దాకా వచ్చిందమ్మా పాప. ఇంగ మూడంటే మూడు. ఎంత దూరం నడిచింది అనేది చూడు, ఎంత మిగిలింది అనేది కాదు." మళ్లీ పరీక్షలో తను దాటింది, దాటడం కాదు, బాగా దాటింది.

మా మండలం జిల్లాలో మొదటి వరసలోకి ఎన్నడూ రాలేదు. అబద్ధం రాయకూడదు. కానీ అడుగున మళ్లీ పడలేదు. ఎందుకంటే ఆయన పదో తరగతిని వదిలి మూడో తరగతిని పట్టుకున్నారు. సైకిలు మీద పల్లె పల్లెకూ పోయేవారు. ఏ బడిలో అయివారు లేకపోతే ఆ బడి ముందు కూర్చుని, ఎవరో ఒకర్ని వేసేదాకా తానే చెప్పేవారు. మూడో తరగతి దాటిన ప్రతి బిడ్డా కువైట్‌లో ఉన్న అమ్మకో నాన్నకో నెలకొక ఉత్తరం రాయాలి. ఇక్కడినుంచి జవాబు వాళ్ల చేతిరాతతోనే పోవాలి. ఇక్కడ రాయడం రానివాళ్లకు మిర్కాబ్‌లో శుక్రవారం పూట మనవాళ్లే నేర్పారు. యుద్ధమయ్యాక నేను తిరిగి వచ్చి ఆ క్లాసుల్లో చాలా ఏళ్లు కూర్చున్నాను, ఈసారి చాపకు అటువైపు. మీలో కొందరు అలా నేర్చుకున్నవాళ్లే, మీలో మరికొందరు ఆ ఉత్తరాలు రాసిన పిల్లలే.

మా అమ్మాయి కువైట్ చూడలేదు. మా పల్లె పక్క పల్లెలో, ఒక్కరే చెప్పే బడికి తనే అయివారమ్మ. మూడో తరగతికి లెక్కలు చెబుతుంది. అందుకే మధ్యాహ్నం పూట నాకు ఫోన్ చెయ్యదు.

ఆయన ఆఖరి చూపుకు నేను వెళ్లలేకపోయాను. కానీ పోయిన సెలవులో ఆయన్ని చూశాను. కళ్లకు పొర వచ్చి అక్షరాలు కనబడడం లేదని, వారానికోసారి మా అమ్మాయి బడికి వచ్చి అరుగు మీద కూర్చుని పిల్లల చేత చదివించుకుంటున్నారు. నేను పక్కన కూర్చుంటే, ఒక్కమాటే అడిగారు: "మిర్కాబ్‌లో శుక్రవారం జరుగుతాందా?" జరుగుతోందని చెప్పాను. తల ఊపారు.

సాయంత్రం గంట కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ రోడ్డు మీద పడ్డారు. అప్పుడే ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. ముందున్న పిల్ల బస్సు బోర్డు గట్టిగా చదివింది. వెనకవాడు గోడ మీది సిమెంటు ప్రకటన చదివాడు. ఇంకొకడు లారీ వెనక రాసింది చదివాడు, మైలురాయి మీద కిలోమీటర్లు చదివాడు, కరెంటు స్తంభం మీద నంబరు కూడా చదివాడు. దారి పొడుగునా ఏది కనబడితే అది, పోటీలు పడి అరుస్తూ చదువుకుంటూ పోతున్నారు. పెద్దయివారు అరుగు మీంచి లేచి, కనబడని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ గొంతులు మలుపు తిరిగేదాకా అటే చెవి పెట్టి నిలబడ్డారు.